వాన పుస్తకం: మీ ఊరి వాతావరణ పరిశోధన మీరే ఎలా చేసుకోవాలి

అనంతపురం వైపు పల్లెల్లో ఫారాలు పట్టుకొని కొత్త మనిషి దిగితే, రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "పోయినసారి వచ్చినోళ్ళు రాసుకొని పోయిందేమైంది?" నా మొదటి సర్వేలో పద్నాలుగు పేజీల ఫారం ఉండేది. అందులో ఒక ప్రశ్న, గత పదేళ్ళలో వర్షాలు తగ్గాయని మీరు భావిస్తున్నారా అని. అందరూ అవునన్నారు. కరువు సీమలో ఆ ప్రశ్నకు కాదనేవాళ్ళెవరు? ఫారాలు నిండాయి, రిపోర్టు తయారైంది, ఆ ఊరికి మాత్రం ఒక్క కాగితం కూడా తిరిగి వెళ్ళలేదు.

ఆ సిగ్గుతో నేర్చుకున్న పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. ఊరు తన వాన, తన బోర్లు, తన పంటల లెక్క తనే రాసుకోవాలి. విత్తనం చేతిలోకి తీసుకొనే ముందు ఆ లెక్క అందరూ కూర్చొని చదువుకోవాలి. మీరు ఊళ్ళో చదువుకున్న కుర్రవాళ్ళయినా, స్వచ్ఛంద సంస్థలో పనిచేస్తున్నా, వ్యవసాయ కాలేజీ విద్యార్థులైనా దీన్ని మొదలుపెట్టవచ్చు. ఉదాహరణలన్నీ ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే అనంతపురం మెట్ట నేలవి, ఎందుకంటే నాకు తెలిసిన నేల అదే. కోనసీమలో ఉన్నవాళ్ళు బోరు మట్టం బదులు ఉప్పునీళ్ళు, మురుగు కాలువ అని మార్చుకోండి. పద్ధతి మారదు.

దీనికి మన దగ్గరే పెద్ద అనుభవం ఉంది. 2003 తర్వాత కొన్నేళ్ళపాటు ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు నడిచింది. అధికారులు, సంస్థలవాళ్ళు దాన్ని ఆప్‌ఫామ్స్ అనేవారు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో వందల ఊళ్ళలో రైతులే వాన కొలిచారు, బోర్ల మట్టం కొలిచారు, రబీకి ముందు నీటి బడ్జెట్ (నీళ్ళు ఎన్ని ఉన్నాయి, పంటలకు ఎన్ని కావాలి అన్న లెక్క) వేసుకున్నారు. ఎవరినీ బోరు ఆపమనలేదు, నీళ్ళు తక్కువ వాడినందుకు డబ్బూ ఇవ్వలేదు. అయినా లెక్క కళ్ళముందు పెట్టేసరికి చాలా ఊళ్ళలో వరి తగ్గించుకొని తక్కువ నీళ్ళతో పండేవాటికి మారారు. ఆ అనుభవంలో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

ముందు ప్రశ్న దొరకాలి

ఊళ్ళోకి వెళ్ళి "వాతావరణ మార్పు" అనే మాట తీయకండి. అది అనగానే జనం టీవీలో విన్నది మీకే తిరిగి చెబుతారు. దానికి బదులు ఇలా అడగండి: పోయిన మూడేళ్ళలో ఏ నిర్ణయం తప్పడం వల్ల ఎక్కువ నష్టపోయారు? అప్పుడు అసలు ప్రశ్నలు వస్తాయి. జూన్‌లో పడిన మొదటి పదునుకే (విత్తడానికి చాలే తడికే) శెనక్కాయ వేసేయాలా, జూలై దాకా ఆగాలా? దసరా తర్వాత నా బోరు ఎన్ని ఎకరాలకు సరిపోతుంది? కంది సాళ్ళు దగ్గరగా వేస్తే లాభమా, దూరంగానా? మేతకు ఏ నెల కటకటగా ఉంటుంది?

వచ్చిన ప్రశ్నల్లో ఒకటి ఎంచుకోండి, మహా అయితే రెండు. ఎంచుకోవడానికి ఒక గీటురాయి ఉంది. జవాబు ఇలా వస్తే ఏం చేస్తారు, అలా వస్తే ఏం చేస్తారు అని రైతునే అడగండి. రెండింటికీ ఒకటే చేస్తానంటే ఆ ప్రశ్న మీద ఒక సీజను ఖర్చు పెట్టడం దండగ. మీ థీసిస్‌కు పనికొచ్చే ప్రశ్న ఊరికి పనికిరాకపోతే దాన్ని ఊరి నెత్తిన రుద్దకండి. అది విడిగా చేసుకోండి, ఆ సంగతి వాళ్ళకు చెప్పి చేసుకోండి.

ఎవరు, ఎక్కడ, ఎప్పుడు

సర్పంచ్‌కు చెప్పాలి, చెప్పకపోతే పని జరగదు. కానీ సర్పంచ్ ఇంటి అరుగు మీద పెట్టిన సమావేశానికి ఎవరు వస్తారో మీకూ తెలుసు. గుడి మంటపం కూడా అంతే. కొందరు రారు, వచ్చినా ఓ పక్కన నిలబడతారు. బడి ఆవరణ మేలు. ఎస్సీ కాలనీలో విడిగా ఒకసారి కూర్చోండి, కౌలు రైతులతో మరోసారి. బోరు ఒకరిది, పంట ఇంకొకరిది అయినప్పుడు నీటి నిర్ణయం ఎవరి చేతిలో ఉందో పెద్ద సభలో ఎవరూ చెప్పరు.

ఆడవాళ్ళతో మాట్లాడటానికి సాయంత్రం ఆరు గంటలు పెట్టేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. అది నీళ్ళు పట్టుకొని, పొయ్యి వెలిగించే వేళ. పొదుపు సంఘం మీటింగు రోజు చివరి అరగంట అడగండి. వేసవిలో అయితే ఉపాధి హామీ పనిచోట, చెట్టు కింద సద్ది మూటలు విప్పే వేళ ఇంకా మంచిది. విత్తనం దాచేది, కలుపు తీసేది, పశువుకు మేత వేసేది వాళ్ళే కాబట్టి వాళ్ళు చెప్పేది మగవాళ్ళు చెప్పినదానికి నకలుగా ఉండదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో విత్తన నిధిని నడిపేది దళిత మహిళలే. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్య సమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మేకల కాపరిని కూడా మరిచిపోకండి. ఏ వంకలో నీళ్ళు ఎప్పుడు ఎండాయో ఊళ్ళో ముందు తెలిసేది అతనికే.

అప్పుల సంగతి నలుగురిలో అడగొద్దు. ఫోటో తీసే ముందు అడగండి. పని చేసే రోజు కూలి పోతుంది కదా, దాని సంగతేంటని వాళ్ళు అడిగితే మీ దగ్గర జవాబు ఉండాలి.

జ్ఞాపకాన్ని కాగితం మీదికి తేవడం

మొదటి వారం ఏమీ కొలవకండి, వినండి. పెద్దవాళ్ళను 1998లో ఏమైందని అడిగితే చెప్పలేరు. గుర్తుండే సంఘటన అందిస్తే మిగతాది వాళ్ళే లాగుతారు. 2002 కరువు, గంజి కేంద్రాలు పెట్టిన రోజులు, కర్నూలు మునిగిన 2009 అక్టోబరు, ఎండుతున్న శెనక్కాయకు రెయిన్ గన్లతో తడి పెట్టిన 2016, అన్నమయ్య డ్యాం తెగిన 2021 నవంబరు. నేల మీద ముగ్గుపిండితో ఒక గీత గీసి వీటిని వరుసగా పెట్టండి. మధ్యలో ఊరివాళ్ళు తమవి పెడతారు: మా చెరువు చివరిసారి అలుగు పారిన ఏడు, నాలుగు బోర్లు వేసి నాలుగూ పోయిన ఏడు, కొర్ర మానేసిన ఏడు. ఆ గీత పక్కన ఏ పంటలు వచ్చాయి, ఏవి పోయాయి అని అడిగితే ఒక సాయంత్రం సరిపోదు.

ఇంకో గీత ఏడాదిది. నెలలతో కాకుండా కార్తెలతో గీయండి. కార్తె సూర్యుని బట్టి నడిచేది కాబట్టి ప్రతి ఏటా ఇంచుమించు అదే తేదీకి వస్తుంది. మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర 22 ప్రాంతంలో, మఖ ఆగస్టు 17 ప్రాంతంలో. ఒక్కోటి 13, 14 రోజులు. ఒక్కో కార్తె గడిలో చింతగింజలు పెట్టమనండి, వాళ్ళ చిన్నతనంలో వాన ఎంత ఉండేదో ఒక వరుస, ఇప్పుడెంతో ఇంకో వరుస. గింజలు అటూ ఇటూ జరుపుతూ వాళ్ళలో వాళ్ళు వాదించుకుంటారు. మీరు మధ్యలో దూరకుండా ఆ వాదన రాసుకోండి, అసలు సమాచారం అందులోనే ఉంటుంది.

జ్ఞాపకం మోసం చేస్తుంది కూడా. మంచి ఏళ్ళు ఇంకా మంచిగా గుర్తుంటాయి. అందుకే తర్వాతి మెట్టు కొలత.

వాన కొలవడం

దీని మీద ఎక్కువ చెబుతాను, ఎందుకంటే పరిశోధన మొత్తం నిలబడేది దీని మీదే.

వాతావరణ శాఖ నమూనా వానమాపకం దొరికితే కొనండి. లేదంటే 16 సెంటీమీటర్ల నోరున్న గరాటు, దాని కింద ఐదు లీటర్ల క్యాను చాలు. ఆ సైజు గరాటుకు లెక్క సులువు: 20 మిల్లీలీటర్ల నీళ్ళు చేరితే 1 మిల్లీమీటరు వాన పడ్డట్టు. కొద్ది వాన కొలవడానికి దగ్గు మందు సీసాతో వచ్చే గీతల మూత, పెద్ద వానకు గీతలున్న సెలైన్ బాటిల్ పనికొస్తాయి. గరాటు నోరు నేలకు అడుగు ఎత్తున, సమంగా ఉండాలి. పక్కన పది అడుగుల గోడ ఉంటే దానికి కనీసం ఇరవై అడుగుల దూరంలో పెట్టండి. వేపచెట్టు కిందైతే అసలు వద్దు. కోళ్ళు ఎక్కకుండా, పిల్లలు నీళ్ళు పోయకుండా చుట్టూ నాలుగు కంపలు పెట్టండి. పిల్లలు నీళ్ళు పోయడం నిజంగానే జరుగుతుంది. ఒక ఊళ్ళో మే నెల నడి ఎండలో 60 మిల్లీమీటర్ల వాన నమోదైంది!

ఒక్కటి చాలదు. ఊరు పెద్దదైతే మూడు మూలల్లో మూడు పెట్టండి. వంక అవతల కురిసి ఇవతల కురవని వాన మన దగ్గర మామూలే.

రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే చూడాలి. వాతావరణ శాఖవాళ్ళూ ఆ వేళకే చూస్తారు కాబట్టి మన అంకెను మండల కేంద్రం అంకెతో పోల్చుకోవచ్చు. పుస్తకంలో ఐదు గడులు చాలు: తేదీ, కార్తె, మిల్లీమీటర్లు, పదును ఎంత లోతు దిగింది, పొలంలో ఆ రోజు ఏం పని జరిగింది. నాలుగో గడి అధికారుల రిజిస్టర్లలో ఉండదు. బెత్తెడు పదునా, జానెడా అన్నది రైతుకు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ చెబుతుంది. ఎర్ర గరుసు నేలలో 20 మిల్లీమీటర్లు దిగినట్టు నల్లరేగడిలో దిగదు. రెండూ పక్కపక్కన రాస్తూ పోతే రెండేళ్ళలో మీ ఊరికి ఎన్ని మిల్లీమీటర్లయితే విత్తే పదునో మీకే తెలుస్తుంది.

వాన పడని రోజు సున్నా రాయండి. ఖాళీ వదిలితే ఆ రోజు వాన లేదో, రాసే మనిషి పెళ్ళికి వెళ్ళాడో తర్వాత ఎవరికీ తెలియదు. మొత్తం పుస్తకంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ సున్నాల గురించే.

నెల చివర మొత్తం కూడటంతో ఆపొద్దు. 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే దాన్ని వాన రోజుగా లెక్కిస్తారు. ఎన్ని వాన రోజులు, రెండు వానల మధ్య ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజుల ఎడం, ఒక్క రోజులో పడిన పెద్ద వాన ఎంత, ఈ మూడూ రాయండి. ఒక ఏడు నలభై రోజుల్లో 500 మిల్లీమీటర్లు పడి, మరో ఏడు పద్దెనిమిది రోజుల్లో అదే 500 పడిందనుకోండి. పేపర్లో రెండూ మామూలు వర్షపాతమే. రెండో ఏడు మీ శెనక్కాయ ఎండిపోయి ఉంటుంది.

సామెతలను కూడా ఈ పుస్తకంతో పరీక్షించవచ్చు. "మఖ పుబ్బలు వరుపైతే మహత్తర కరువు" అంటారు. వరుపంటే వాన లేకపోవడం. జూలై మొదటి వారంలో విత్తిన శెనక్కాయ మఖ, పుబ్బ కార్తెల్లో ఊడలు దిగి కాయ కట్టే దశలో ఉంటుంది. నేల గట్టిపడితే ఊడ దిగదు. సామెత ఊరికే పుట్టలేదన్నమాట. 2023 ఆగస్టు దేశం మొత్తం మీద 1901 నుంచి చూస్తే అన్నిటికంటే పొడి ఆగస్టు. ఆ రెండు కార్తెల్లో మీ ఊళ్ళో ఎంత పడింది, ఎప్పుడు విత్తినవాళ్ళ పంట నిలిచింది అని ఇప్పుడు చెప్పగలరా? పుస్తకం ఉన్న ఊరు చెప్పగలదు.

బోరు కొలవడం

ఐదారు బోర్లు ఎంచుకోండి. చెరువు కింద ఒకటి, వంక పక్కన ఒకటి, మిట్ట మీద రెండు, నీళ్ళున్నా మోటారు తీసేసిన పాత బోరు ఉంటే అది తప్పకుండా. పదిహేను రోజులకోసారి మట్టం చూడాలి. తేదీలు పెట్టుకుంటే మరిచిపోతారు. అమావాస్య, పున్నమి అని పెట్టుకోండి, ఊళ్ళో ఎవరో ఒకరు గుర్తు చేస్తారు.

మట్టం చూసే వేళకు రాత్రి నుంచి మోటారు ఆగి ఉండాలి. తెల్లవారి త్రీఫేజ్ రాకముందు వెళ్ళండి. స్టార్టరు దగ్గర ఫ్యూజులు పీకి జేబులో వేసుకున్నాకే కేసింగు (బోరుకు దించిన బయటి గొట్టం) దగ్గరికి రండి. మన దగ్గర సగం బోర్లకు ఆటో స్టార్టరు ఉంటుంది, కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు అదే ఆన్ అవుతుంది. సన్నని రెండు పోగుల వైరుకు చివర బరువు కట్టి, పైన ముల్లు మల్టీమీటరు పెట్టి, కేసింగుకూ పైపుకూ మధ్య సందులోంచి దించండి. వైరు కొసలు నీళ్ళకు తగలగానే ముల్లు కదులుతుంది. అక్కడ వైరుకు గుర్తు పెట్టి, పైకి లాగి టేపుతో కొలవండి. ప్రతిసారీ కేసింగు మీద అదే గీత నుంచి కొలవాలి. వైరు చిక్కుకుంటే బలంగా లాగొద్దు, రైతు మోటారు పైకి తీయించాల్సి వస్తే ఆ ఖర్చు మీ నెత్తిన పడుతుంది.

నెలకోసారి నీటి ధార కూడా చూడండి. "రెండించుల నీళ్ళు" అని అందరూ అంటారు, కానీ ఒకరి రెండించులు ఇంకొకరి ఒకటిన్నర. మోటారు అరగంట నడిచాక డెలివరీ పైపు కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండిందో చూడండి. వంద సెకన్లు పట్టిందంటే సెకనుకు 2 లీటర్లు, గంటకు 7,200. రోజుకు ఏడు గంటలు నడిస్తే 50,400 లీటర్లు. ఎకరం మీద 1 మిల్లీమీటరు నీళ్ళంటే సుమారు 4,047 లీటర్లు కాబట్టి, ఈ బోరు రోజుకు ఒక ఎకరానికి పన్నెండున్నర మిల్లీమీటర్లు ఇస్తుంది. వేసంగి శెనక్కాయకు గట్టి దశలో రోజుకు 5 మిల్లీమీటర్లు కావాలనుకుంటే రెండున్నర ఎకరాలకు ఆనుతుంది. వరికి, ఇంకిపోయేది కూడా కలిపి, 10 అనుకుంటే ఎకరంపావు. ఈ లెక్క రైతు సొంత బోరు దగ్గర, డ్రమ్ము పక్కన నిలబడి వేసి చూపించండి. ఫిబ్రవరిలో మళ్ళీ అదే డ్రమ్ము పెట్టండి. సెకన్లు పెరిగి ఉంటాయి, ఇక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

పొలంలో జతలు

ఇప్పుడు ప్రయోగం. ముందుగా విత్తడమా, ఆగి విత్తడమా? పాత రకమా, కొత్త రకమా? పక్కపక్కనే రెండు మడులు, నేల అదే, ఎరువు అదే, సాలు దూరం అదే. ఒక్కటే మార్చాలి. రకమూ మార్చి, విత్తే తేదీ కూడా మార్చితే చివరికి దేనివల్ల దిగుబడి పెరిగిందో తేలదు. విద్యార్థులు చేసే తప్పు ఇంకొకటి ఉంది. ఒక్క మంచి రైతు పొలంలోనే పది మడులు పెడతారు. పదిమంది దగ్గర ఒక్కో జత పెట్టండి, అందులో బోరు లేనివాళ్ళు సగమైనా ఉండాలి. నీళ్ళున్న పెద్ద రైతు పొలంలో ఏ రకమైనా బాగానే ఉంటుంది.

అనంతపురంలో ఇలా జరిగిన మంచి ఉదాహరణ ఐ.సి.జి.వి. 91114. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తయారుచేసిన ఆ వేరుశెనగ రకాన్ని 2000ల మొదట్లో రైతులే తమ పొలాల్లో, 1940ల నాటి టి.ఎం.వి.-2 పక్కన వేసి చూసుకున్నారు. తొందరగా కోతకొచ్చే రకం, నడుమ వచ్చే బెట్టను తట్టుకుంటుంది. రైతులు చూసింది కాయ ఒక్కటే కాదు, పశువులకు కట్టె (కాయ తెంపాక మిగిలే మేత) ఎంత, ఎలా ఉందన్నది కూడా. మీ లెక్కలో కట్టె బరువు గడి లేకపోతే మీ లెక్క సగమే. ఇప్పుడైతే కదిరి పరిశోధన కేంద్రం రకాలైన కదిరి-6, కదిరి లేపాక్షి లాంటివి పక్కపక్కన వేసి చూడవచ్చు. రకాలు కాకుండా పద్ధతి పరీక్షించాలంటే, ప్రకృతి వ్యవసాయంవాళ్ళు వానకు ముందే పొడి దుక్కిలో నవధాన్యాలు చల్లుతున్నారు కదా, అదొక జత. చల్లిన మడి, చల్లని మడి.

కోత రోజు అంచు సాళ్ళు వదిలేయండి. మడి లోపల 5 మీటర్లు గుణించు 5 మీటర్ల చదరం తాడుతో కట్టండి. ఎక్కడ కట్టాలో రైతు చూపించకూడదు, మీరు కూడా కంటికి నచ్చిన చోట కట్టకూడదు. ఒక పిల్లాడిని రెండు అంకెలు చెప్పమని, గట్టు మీద నుంచి అన్ని అడుగులు నిలువుగా, అన్ని అడుగులు అడ్డంగా నడవండి. ఆ చదరంలో కాయ ఎండబెట్టి తూచి, కిలోలను 162తో గుణిస్తే ఎకరం దిగుబడి. పచ్చికాయ బరువు రాసి సంబరపడొద్దు.

ప్రయోగం పోతే ఎవరు భరిస్తారన్నది విత్తే ముందే తేల్చుకోండి. మడి చిన్నది పెట్టుకోమని చెప్పండి, ఐదు సెంట్లు చాలు. ఉచిత విత్తనం ఎర చూపించి ఎవరినీ చేర్చుకోవద్దు. అలా చేరినవాళ్ళు మీరు బాధపడతారని పంట బాగుందనే చెబుతారు.

లెక్క చదివే రోజు

ఈ పని మొత్తానికీ రెండు రోజులు ముఖ్యం. ఒకటి ఖరీఫ్‌కు ముందు. పల్లెల్లో ఉగాది నాడు పంచాంగ శ్రవణం జరుగుతుంది, ఈ ఏడు ఎన్ని కుంచాల వాన అని అయ్యవారు చదువుతారు. అది అయిపోయాక జనం లేవకముందే మన వాన పుస్తకం చదివించండి. పోయినేడు ఏ కార్తెలో ఎంత పడింది, ఎన్నాళ్ళు ఎడం వచ్చింది, జతల్లో ఏది గెలిచింది. రాబోయేది ఆయన చెబుతాడు, జరిగింది మీరు చెబుతారు, ఎవరికీ గొడవ లేదు. చదివేది మీరు కాకూడదు. రోజూ కొలిచిన మనిషే చదవాలి, తడబడినా సరే.

రెండోది ఉత్తర, హస్త కార్తెల మధ్య, రబీకి ముందు. అప్పుడు నీటి బడ్జెట్. ఉదాహరణకు ఊరి విస్తీర్ణం 2,000 ఎకరాలు, అప్పటిదాకా 400 మిల్లీమీటర్లు పడింది అనుకోండి. మన గట్టి రాతి నేలల్లో కురిసినదాంట్లో సుమారు పదో వంతు భూమిలోకి దిగి బోర్లకు చేరుతుంది. అంటే 40 మిల్లీమీటర్లు, 2,000 ఎకరాల మీద 32 కోట్ల లీటర్ల పైచిలుకు. ఎకరం వేసంగి శెనక్కాయకు 500 మిల్లీమీటర్లు, అంటే 20 లక్షల లీటర్లు. ఎకరం వరికి 1,200 మిల్లీమీటర్లు, 48 లక్షల పైన. మొత్తం శెనక్కాయే వేస్తే 160 ఎకరాలు, మొత్తం వరే వేస్తే 66. ఇందులోంచి తాగునీళ్ళు, ఖరీఫ్‌లో ఇప్పటికే తోడేసింది తీసేయాలి. ఆ తర్వాత ఎవరెవరు ఎన్ని ఎకరాలు ఏం వేయాలనుకుంటున్నారో బోర్డు మీద రాయండి. రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అక్కడ మీ పని ఆగిపోవాలి. "వరి వేయకండి" అని మీ నోట రాకూడదు. సభ కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది, తర్వాత ఎవరో ఒకరు పక్కవాడి బోరు మీద పడతారు, అరుపులు వస్తాయి. కంగారు పడొద్దు, పూర్వం ఆ గొడవ మార్చిలో బోర్లు ఎండాక జరిగేది.

లెక్క కచ్చితం కాదని ముందే చెప్పండి. పదో వంతు అన్నది అంచనా. మీ అమావాస్య, పున్నమి మట్టాలు రెండు మూడేళ్ళు పోగయితే, ఎంత వానకు మీ బోర్లు ఎన్ని అడుగులు లేస్తాయో చూసి ఆ అంచనాను సరిచేసుకోవచ్చు.

పుస్తకం ఎవరిది

ఊరిది. రెండు పుస్తకాలు పెట్టండి, ఒకటి పొదుపు సంఘం పెట్టెలో, ఒకటి కొలిచే మనిషి ఇంట్లో. ఫోటోలు తీసి మీ ఫోనులో ఉంచుకోవచ్చు, అసలు పుస్తకం మాత్రం ఊరు దాటకూడదు. పంచాయతీ గోడ మీద నల్లరంగు వేసి వాన, మట్టం అంకెలు ప్రతి పక్షం రాయించండి. కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తను ఏడాదికోసారి పిలిచి పుస్తకం చూపించండి. హైదరాబాద్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ (క్రిడా) ముందుండి నడిపే, వాతావరణ మార్పును తట్టుకొనే సేద్యం కోసం పెట్టిన నిక్రా పథకం 2011 నుంచి ఉంది, ఆ పథకం ఊళ్ళలో వాతావరణ నష్టాలు చూసుకోవడానికి గ్రామ కమిటీలు కూడా పెట్టారు. దగ్గర్లో అలాంటి ఊరు ఉంటే వెళ్ళి చూసి రండి. మండల కేంద్రం వాన అంకె మీ అంకెతో కలవకపోతే తగువు పెట్టుకోకుండా రెండూ పక్కపక్కన రాస్తూ పోండి. పంట నష్టం అర్జీ పెట్టుకొనే రోజు ఆ రెండు వరుసల నకలు జతచేయవచ్చు.

ఇక మీరు వెళ్ళిపోయే రోజు. ప్రాజెక్టు అయిపోతుంది, ఉద్యోగం మారుతుంది, పెళ్ళవుతుంది. దానికి మొదటి ఏడాదే సిద్ధం కండి. కొలిచే మనిషికి తోడుగా ఇంకొకరు, వీలైతే అదే వీధిలో హైస్కూలు చదివే అమ్మాయి, వారానికి రెండు రోజులు తనే చూసి రాయాలి. మీరు మూడు నెలలకోసారి ఫోను చేసి, "పోయిన మంగళవారం ఎంత రాశారు?" అని అడగండి. గరాట్లు మాత్రం రెండు కొనిచ్చి వెళ్ళండి, రెండూ 16 సెంటీమీటర్లవే. ఎండకు మొదటిది పగిలినప్పుడు అంగట్లో దొరికిన ఏదో సైజు పెట్టేస్తారు, ఆ రోజు నుంచి అంకెలన్నీ తప్పే.